అలకపాన్పు మీద పదకొండో అల్లుడు

2025 అక్టోబరు 14న మన పదో అల్లుడికి ఉద్వాసన చెప్పేశారు. చెప్పింది మనం కాదు, మగపెళ్ళివారే. పదేళ్ళు ఇంట్లో మెసిలిన మనిషి. మొదట్లో పనివేళ అని కూడా చూడకుండా తనంతట తాను పడుకుని లేచే దురలవాటు ఉండేది. అదీ మానుకుని, చివర్లో నలుగురితో కలిసిపోయి కుదురుగా ఉండేవాడు. అతనికి జలుబు చేసినా జ్వరమొచ్చినా ఇకమీదట మందు పంపించం, పదకొండోవాణ్ణి చేసుకోండి అని రెడ్మండ్‌లోని మైక్రోసాఫ్ట్ నుంచి కబురు.

అల్లుణ్ణి దశమగ్రహం అన్నారు పెద్దలు. విండోస్ 10 ఉన్నన్నాళ్ళూ ఆ లెక్క సరిగ్గా సరిపోయింది. పదకొండో గ్రహానికి ఏ శాంతి జరిపించాలో ఏ సిద్ధాంతీ చెప్పడం లేదు.

నిజానికి పదోవాడితో ఈ అల్లుళ్ళ గొడవ తీరిపోతుందనే అనుకున్నాం. 2015లో ఆ కంపెనీ ఉద్యోగి ఒకాయన సభలో నిలబడి ఇదే చివరి విండోస్ అన్నాడు. కంపెనీ కాదనలేదు. పెళ్ళిమాటల్లో అన్నవి కాగితం మీద పెట్టించుకోకపోతే ఏమవుతుందో ఆడపిల్లల తండ్రులకు తెలుసు, కంప్యూటర్లు కొన్నవాళ్ళకు తెలియలేదు. 2021 జూన్‌లో పదకొండో సంబంధం ప్రకటించారు, అక్టోబరు 5న ముహూర్తం పెట్టారు.

సంబంధం తెలియనిదేం కాదు. ఇంటిపెద్ద నాదెళ్లవారబ్బాయి, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నవాడు. వాళ్ళ కుటుంబానికి 1998 నుంచి హైదరాబాద్‌లో విడిది కూడా ఉంది. గచ్చిబౌలి వెళ్తే మనవాళ్ళ పిల్లలే గుమ్మంలో కనపడతారు. మనవాళ్ళే కదా, కట్నం దగ్గర పట్టూవిడుపూ ఉంటుందిలే అనుకున్నాం.

పెళ్ళిచూపుల్లో ఎంత వినయం! నాలుగు జీబీ ర్యామ్ చాలన్నాడు, అరవై నాలుగు జీబీ చోటిస్తే ఒక మూల సర్దుకుంటానన్నాడు. కాపురానికొచ్చాక ఎనిమిది పెడితే గానీ మంచం దిగడని వేరే చెప్పాలా? అసలు కోరికలు అలకపాన్పు ఎక్కాక బయటపడ్డాయి. వెనకటి అల్లుళ్ళు సైకిలడిగారు, రిస్టువాచీ అడిగారు, మర్ఫీ రేడియో అడిగారు. ఇతను గోడలో ఇనప్పెట్టె అడిగాడు. దాని పేరు టీపీఎం. తాళాలు దాచే చిన్న చిప్పు. అదీ 2.0 రకమే కావాలి, 1.2 రకం పనికిరాదు. దీంట్లో బేరాల్లేవని 2024 డిసెంబరులో కంపెనీవారు రాతపూర్వకంగా కూడా తేల్చేశారు. కొందరి ఇళ్ళలో ఆ పెట్టె ముందే ఉంది. కాకపోతే బయోస్‌లోకి దిగి దాని మూత తెరవాలి. మామగారికి బయోస్ అంటే ఏమిటో తెలియదు. అల్లుడు మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

తర్వాత వంశం సంగతి. మనవాళ్ళు సంబంధం కలుపుకోవాలంటే అటేడు తరాలూ ఇటేడు తరాలూ చూస్తారు. ఇతనికి ఏడు తరాలు చాలవు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. 2017లో కొన్న యంత్రాలు కూడా చాలావరకు ఈ గీతకు అవతలే పడ్డాయి. అయితే శాస్త్రం మగపెళ్ళివారి ఇంట్లో కొంచెం మెత్తబడుతుంది. వాళ్ళే అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే ఖరీదైన యంత్రంలో ఉన్నది ఏడో తరం ప్రాసెసరే. 2021 ఆగస్టులో జాబితా సవరించి, ఏడో తరంలో కొద్దిమందిని పంక్తిలోకి పిలిచారు. ఆ ప్రాసెసర్ అందులో ఉంది. మీ ఇంట్లో ఉన్న ఏడో తరం మాత్రం మైలే.

దొడ్డిగుమ్మం కూడా వాళ్ళే చూపించారు. రిజిస్ట్రీలో ఫలానా చోట ఫలానా అంకె మారిస్తే పాత పెట్టె ఉన్నా లోపలికొస్తాడని కంపెనీవారే తమ పేజీలో రాసిపెట్టారు. 2025 మొదట్లో ఆ రాతను చప్పుడు కాకుండా తుడిచేశారు. ఇక మైక్రోసాఫ్ట్ ఖాతా లేనిదే గుమ్మంలో అడుగుపెట్టనంటాడు. అంటే మన ఇంట్లో మనం ఉండటానికి వియ్యంకుడి దగ్గర పేరు రాయించుకోవాలి. రాయించుకోకుండా దూరే సందులు ఒకటీ అరా ఉండేవి. ప్రయోగ కూర్పుల్లో వాటినీ పూడుస్తున్నామని 2025 అక్టోబరులో చెప్పారు.

అమ్మాయి ఎవరని అడక్కండి. ఈ పెళ్ళిలో పెళ్ళికూతురు లేదు. కట్నమే పెళ్ళి.

సరే, అప్పోసప్పో చేసి, కొత్త ఇల్లే కట్టించి, పాన్పు దింపాం. దిగిన మరుక్షణం అల్లుడు ఇల్లంతా కలియజూసి, ఎవరెవరు ఉండాలో ఎవరెవరు పోవాలో చెప్పడం మొదలుపెట్టాడు.

ముందు తాతగారు. పేరు ఫాక్స్‌ప్రో, డాస్ కాలం మనిషి. బియ్యం మిల్లుల లెక్కలూ, బట్టల కొట్ల ఖాతాలూ నోటికి చెప్పినవాడు. చూపుకి నల్లతెర, తెల్ల అక్షరాలు తప్ప ఇంకేం లేకపోయినా ఒక్క పైసా తేడా రానివ్వలేదు. పదో అల్లుడికి 32 బిట్ కూర్పు ఒకటుండేది, అందులో తాతగారికి వరండాలో మంచం దక్కేది. పదకొండుకి 32 బిట్ కూర్పే లేదు, కాబట్టి వరండా లేదు, మంచమూ లేదు. "ఈయనెవరో నాకు తెలియదు" అనేశాడు అల్లుడు. విచిత్రమేమిటంటే తాతగారు అతని తరఫు చుట్టమే. ఫాక్స్ కంపెనీని 1992లో కొనుక్కున్నది మైక్రోసాఫ్టే. సొంత ముత్తాతను గుర్తుపట్టనివాడు మన మేనత్తను గుర్తుపడతాడా?

మేనత్త అంటే పేజ్‌మేకర్. 2001లో ఏడో కూర్పుగా వచ్చింది, ఆ తర్వాత అడోబీ వాళ్ళు ఆమెను పట్టించుకోలేదు. అయినా తెలుగు ఊళ్ళలో శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, చిన్న పత్రికలు, కవిత్వం పుస్తకాలు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్ళాయి. ఆమెకు తోడు అనూ ఫాంట్లు. యూనికోడ్ అంటే ఇద్దరికీ తెలియదు. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది, ఎక్స్‌పీ నాటికి గౌతమి ఫాంటు కూడా ఇంటికొచ్చింది. కానీ డీటీపీ సెంటర్లో రోజుకు పది శుభలేఖలు కొట్టే ఆపరేటర్ వేళ్ళకు అనూ కీబోర్డే తెలుసు. ఇప్పుడు మేనత్త కొత్త ఇంట్లో ఒక్కోచోట అడుగే పెట్టలేదు. పెట్టినచోట ప్రింట్ నొక్కగానే సొమ్మసిల్లుతుంది. అందుకో ఉపాయం ఉంది. ఆమె బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి, కంపాటిబిలిటీ అనే చోట విండోస్ ఎక్స్‌పీ అని ఎంచాలి. అంటే ముసలావిడ చెవిలో "అత్తా, ఇది ఇంకా 2001, నువ్వు కంగారుపడకు" అని అబద్ధం చెప్పడం. కొన్నాళ్ళు నమ్ముతుంది. నమ్మనిరోజు ఏదో ఒక పెళ్ళివారి ముహూర్తం రేపే ఉంటుంది.

అల్లుడి పెద్దన్న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ని 2022 జూన్ 15న ఇంట్లోవాళ్ళే సాగనంపారు. అతను లేనిదే మాట్లాడమని మన సర్కారు సైట్లు కొన్ని ఏళ్ళ తరబడి భీష్మించుకున్నాయి. అందుకని అతన్ని ఎడ్జ్ చొక్కాలో దాచి, అడిగినప్పుడు మాత్రం గొంతు వినిపిస్తున్నారు. ఇందులో అల్లుడి తప్పు లేదు. ఒకే ఒక్క బ్రౌజర్‌ను నమ్ముకుని పోర్టళ్ళు కట్టిన మహానుభావుల సంగతి ఇంకోవారం చూద్దాం.

అల్లుడికి తనతో తనకే పడదన్నది ఇంకా పెద్ద వింత. 2024 అక్టోబరులో 24హెచ్2 అని కొత్త అవతారం ఎత్తాడు. కొన్ని లాప్‌టాప్‌లలో గొంతు పోయింది, కొన్ని ఆటలు మొదలెట్టగానే నీలితెర పడింది. ఫలానా ఇళ్ళకు వెళ్ళొద్దని మగపెళ్ళివారే అతన్ని వీధి చివర నిలబెట్టారు. దాన్ని సేఫ్‌గార్డ్ హోల్డ్ అంటారు. 2025 అక్టోబరు 14న, అంటే పదోవాణ్ణి పంపించేసిన రోజునే, పదకొండోవాడు ఒక అప్‌డేట్ తిన్నాడు. తిన్నాక రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డుకీ మౌసుకీ పలకడం మానేశాడు. ఇల్లంటుకున్నప్పుడు వాడాల్సిన తలుపది. లోపల అన్ని మీటలూ కనపడతాయి, నొక్కడానికి చెయ్యే ఉండదు. ఆ ఏటి దీపావళి రోజున హడావుడిగా విరుగుడు పంపారు. ముదుసలి అని పంపించేసిన పదోవాడికి ఈ జబ్బు రాలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి.

పదోవాడికి మందు ఆపేశామన్నారు కదా, ఆపలేదు. ముప్పై డాలర్లు కడితే 2026 అక్టోబరు దాకా ఇస్తారు. కట్టకూడదనుకుంటే మీ ఇంటి సెట్టింగులన్నీ వాళ్ళ క్లౌడ్‌లో అప్పగించాలి, లేదా వాళ్ళ సెర్చి వాడి వెయ్యి పాయింట్లు కూడబెట్టుకోవాలి. సంస్థలకైతే యంత్రానికి అరవై ఒక్క డాలర్లు. రెండో ఏడు దానికి రెట్టింపు, మూడో ఏడు ఆ రెట్టింపుకి రెట్టింపు. ఇదే విండోస్ 10కి పరిశ్రమల యంత్రాల్లో వాడే ఎల్‌టీఎస్‌సీ కూర్పు ఒకటుంది, దానికి 2032 జనవరి దాకా మరమ్మతులు ఖాయం. చనిపోయాడని చెప్పినవాడికి మరో ఆరేళ్ళ మందులు ఎవరు తయారుచేస్తారు? వాళ్ళే. ఎలాగూ తయారుచేస్తారు. తయారైన మందు సీసా చేతిలో పెట్టుకుని, కోట్లమందికి ఇవ్వనంటున్నారు. 2025 సెప్టెంబరు నాటికి విండోస్ వాడే యంత్రాల్లో పదింట నాలుగు ఇంకా పదిమీదే ఉన్నాయని స్టాట్‌కౌంటర్ లెక్క. ఈ దెబ్బకు ఇరవై నాలుగు కోట్ల కంప్యూటర్లు చెత్తకుప్పకు చేరవచ్చని కెనాలిస్ సంస్థ 2023లోనే అంచనా వేసింది. వాటిలో చాలావాటికి ఏ రోగమూ లేదు.

అంతా భద్రత కోసమే అంటున్నారు. భద్రతే అయితే టీపీఎం లేని బీద యంత్రానికే ముందుగా మందు వెయ్యాలి. జబ్బు ఎవరికి ఎక్కువ వచ్చే అవకాశం ఉందో వాళ్ళనే వీధిలోకి నెట్టి, దానికి భద్రత అని పేరు పెట్టడం నాకు సహించడం లేదు. మండల కేంద్రంలో ఒక గది అద్దెకు తీసుకుని, పాత డెస్క్‌టాప్ మీద అనూలో టైపు చేసుకుని బతికే మనిషికి కొత్త యంత్రమంటే నెలల సంపాదన. యంత్రం ఒక్కటీ కొంటే సరిపోదు, కీబోర్డు నుంచి ప్రింటరు దాకా అతని పనంతా మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. అతని హార్డ్ డిస్కులో పాతికేళ్ళ తెలుగు ఉంది. ఊళ్ళో పుట్టిన పిల్లల పేర్లు, పోయినవాళ్ళ పెద్దకర్మ కార్డులు, ఎవరూ అచ్చెయ్యని స్థానిక చరిత్రలు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అదంతా ఇంగ్లీషు గుర్తుల చెత్త. కొందరు కుర్రాళ్ళు తీరిక వేళల్లో కూర్చుని అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు రాశారు గనక ఆ మాత్రమైనా మిగిలింది. 

యూరప్‌లో మాత్రం కథ మారింది. అక్కడి వినియోగదారుల సంఘం నిలదీసింది. 2025 సెప్టెంబరులో కంపెనీ దిగొచ్చి, ఐరోపా ఆర్థిక మండలి దేశాల జనానికి ఏడాది మందు ఉచితమంది, సెట్టింగులు అప్పగించాలన్న షరతూ తీసేసింది. సాంకేతికంగా అసాధ్యమన్నది ఏమీ లేదని ఆ ఒక్క నిర్ణయంతో తేలిపోయింది. అక్కడ అడిగారు, ఇక్కడ అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. బెర్లిన్‌లో ఉన్న ఏడో తరం ప్రాసెసరూ భీమవరంలో ఉన్నదీ ఒకే ఫ్యాక్టరీ సరుకు.

అల్లుళ్ళ కట్నానికి మన దేశంలో 1961లోనే నిషేధ చట్టం వచ్చింది. మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ట్రాక్టర్లు, కార్లు, ఫ్రిజ్‌లు బాగుచేయించుకునే హక్కు మనకుందని అక్కడ రాసుంది. బాగున్న కంప్యూటర్‌కు భద్రతా మరమ్మతు ఆపేస్తే అదీ ఆ హక్కు కిందికే రావాలి. ఆ శాఖ రెడ్మండ్‌కి ఒక్క ఉత్తరం రాయాలి. యూరప్‌కిచ్చిన షరతులే మా ప్రజలకూ ఇవ్వండని అడగాలి. మన ఎంపీలు ఒక్క ప్రశ్న వేసినా ఆ ఉత్తరం కదులుతుంది. ఉచితమైనా డబ్బుకైనా మామూలు జనానికి ఆ మందు అందేది 2026 అక్టోబరు 13 వరకే. అంటే అడగాల్సింది ఆలోపే.