కాలేజీ తెరవకముందే ఇంజనీరు

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లలో సీటు ఖాయమైన రోజుకూ, కాలేజీ గేటు దాటే రోజుకూ నడుమ కుప్పంలో ఓ కొత్త రకం ఇంజనీరు తయారవుతాడు. పాఠం మొదలు కాదు, పరీక్ష రాయడు. అయినా ఇంట్లో ఏ బోల్టుకూ వాడి చేతిలో మనశ్శాంతి ఉండదు.

మన అబ్బోడికి వచ్చింది మెకానికల్. 2001లో పెట్టిన కుప్పం ఇంజనీరింగ్ కాలేజీలో అయినా, 1998 నుంచి మదనపల్లె పక్కన అంగళ్లులో నడుస్తున్న మిట్స్‌లో అయినా ఒకటే. "కంప్యూటర్ తీసుకోకుండా ఇదేందిరా?" అని అడగని చుట్టం రెండు ఊళ్లలోనూ దొరకడు. పొద్దున్నే బెంగళూరు రైలెక్కే జనాన్ని చూసి చూసి, చదువంటే అక్కడి ఏసీ గదేనని కుప్పం తీర్మానించేసుకుంది. వాడు వెనక్కి తగ్గడు. బంగారపేట దాటితే కేజీఎఫ్‌లో బీఈఎంఎల్ ఉంది, అక్కడ బుల్డోజర్లు తయారు చేస్తారు అంటాడు.

"బుల్డోజరా? అయితే ముందు లైసెన్సు తీసుకో" అంటాడు మేనమామ.

ఇక సరంజామా. సీనియర్ దగ్గర సగం ధరకు ఎన్.డి. భట్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ పుస్తకం, బోర్డుకు బిగించే మినీ డ్రాఫ్టర్, 420 బై 594 మిల్లీమీటర్ల ఏ2 షీట్లు, వాటిని చుట్టి పెట్టుకునే పొడుగాటి గొట్టం. ఆ గొట్టం భుజానికి తగిలించుకుని బస్టాండు దాకా ఊరికే వెళ్లి వస్తాడు. అందులో షీట్లుండాలన్న నియమమేమీ లేదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైంది వెర్నియర్ కాలిపర్స్. 0.02 మిల్లీమీటర్ల తేడానైనా పట్టే పరికరం అది. మొదటి వారంలోనే తలుపు గడియ, చెల్లెలి గాజు, నాయన పెన్ను కొలతకొచ్చాయి. రాత్రి పళ్లెంలో రాగిసంగటి ముద్ద పడగానే దవడలు తెరిచి, వ్యాసం 92.46 అని ప్రకటించాడు. "కొలిచింది చాలుగానీ, ఆరిపోకముందే గమ్మున తినరా" అంది అవ్వ, ఊరిబిండి వడ్డిస్తూ.

నాయన స్ప్లెండర్ మీద వాడికి ప్రత్యేక అభిమానం. సిలిండర్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5; బోరు వర్గాన్ని పైతో గుణించి, నాలుగుతో భాగించి, స్ట్రోకుతో గుణిస్తే సరిగ్గా 97.2 సీసీ. షెడ్డులో సీటు మీది దుమ్ములో వేలితో లెక్క వేసి చూపించాడు. ఒకరితో తమిళం, ఇంకొకరితో కన్నడం మాట్లాడుతూనే మెకానిక్ అన్న అంతా విన్నాడు.

"బాగుండాది సామీ. ఆయిల్ ఎప్పుడు మార్చినారు?"

దానికి మాత్రం జవాబు లేదు. సరే, పద్నాలుగో నంబరు స్పానరు అందియ్యమన్నాడు అన్న. మనవాడు జేబులోంచి వెర్నియర్ తీసి ఒక్కో స్పానరు నోరూ కొలవసాగాడు. మూడోదాని దగ్గర అన్న లేచొచ్చి, దాని మీద అచ్చు పోసి ఉన్న అంకెను వేలితో చూపించి, తీసుకుపోయాడు.

అసలు తమాషా ఏమంటే, ఇంత హంగామాకూ మొదటి ఏడాదిలో ఇంజను దర్శనం అంతంతమాత్రమే. లీనియర్ ఆల్జీబ్రా, కెమిస్ట్రీ, ఇంగ్లీషు ఉంటాయి. ఏ కంప్యూటర్‌ను కాదని వచ్చాడో ఆ కంప్యూటర్ వాళ్లతో సమానంగా సీ ప్రోగ్రామింగూ ఉంటుంది. వర్క్‌షాపులో ఇనుప ముక్కను ఆకురాయితో గంటలకొద్దీ అరగదీసి రెండు ముక్కలు ఇరుకుగా కూర్చోబెట్టాలి. కొయ్య జాయింటు చెయ్యాలి, రేకు వంచాలి. డ్రాయింగులో మన దేశపు పద్ధతి ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్. ముందు నుంచి చూసిన బొమ్మ పైన, పై నుంచి చూసింది కింద గీయాలి. మెదడు దీనికి అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. కాబట్టి సెలవుల్లో సాధన చేయదగ్గ పని ఒకటుంటే అది పెన్సిల్‌ను వేళ్లమధ్య తిప్పుతూ మొదటినుంచి చివరిదాకా ఒకే మందంతో గీత గీయడం. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికి పనికిరాదు గనక ఆ ఒక్కటీ ఎవరూ చేయరు. మన అబ్బోడు ఒకటిన్నర వేగంతో థర్మోడైనమిక్స్ వీడియోలు చూస్తూంటాడు.

ఇంట్లోవాళ్లకు ఇవేవీ పట్టవు. మిక్సీ ఆగితే వాణ్నే పిలుస్తారు. అది ఎలక్ట్రికల్ అంటాడు. కుళాయి కారితే సివిల్. టీవీ రిమోట్ ఈసీఈ.

"ఈ తలుపు కిర్రుమంటా ఉండాది, ఇదైనా నీదేనా?" అంది అవ్వ.

వాడి ముఖం వెలిగింది. ఇది ఘర్షణ, అచ్చంగా మెకానికల్. లూబ్రికేషన్ మీద నలభై నిమిషాల పాఠం వెతికి తెరిచాడు. అది పూర్తయ్యేలోగా అవ్వ, తలకు రాసుకునే కొబ్బరినూనె రెండు చుక్కలు బందుల్లో వేసి, పక్కింటికి కబుర్లకు పోయింది. వాడొచ్చి తలుపు రెండుసార్లు తీసి, మూసి, గోడవతలికి కేకేశాడు:

"అవ్వా, ఆ నూనె స్నిగ్ధత ఎంత?"