అక్రా దూరమైతే వల్లూరు: తిండియాత్రికులకు సలహాలు

తిండి వీడియోల వాళ్లు ఈమధ్య పశ్చిమ ఆఫ్రికా మీద పడ్డారు. ఘనా రాజధాని అక్రాలో జేమ్స్‌టౌన్ అనే బెస్తవాడలో నడవడం, అన్నమూ అలసందలూ కలిపి ఉడికించి ఆకులో కట్టిచ్చే వాచేను చేత్తో తినడం, చుట్టూ మూగిన పిల్లల నవ్వులు పట్టడం, చివర్న కెమెరా వైపు తిరిగి "వీళ్ల దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో" అనడం. అంతే పని. మీకూ ఆ కోరిక ఉంది గానీ విమానం టికెట్టు చూసి గుండె జారింది. బెంగ వద్దు. బెంగళూరులో బస్సెక్కి మధుగిరి మీదుగా పావగడలో దిగండి. అక్కడినుంచి వల్లూరు. జిల్లా తుమకూరు, రాష్ట్రం కర్ణాటక, ఇళ్లలో మాట తెలుగు. సబ్‌టైటిళ్ల ఖర్చు కూడా మిగులుతుంది.

అక్రాకూ వల్లూరికీ ఏం పోలికని గిట్టనివాళ్లు అడుగుతారు. జవాబు తెలుసుకుని ఉంచుకోండి. అలసంద పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఘనాలో కింటాంపో అనే పాత సంస్కృతి నాటి చోట్ల జరిపిన తవ్వకాల్లో మూడున్నర వేల ఏళ్ల కిందటి అలసందలు దొరికాయి. సజ్జ అక్కడి ఎడారి అంచున ఉన్న సహెల్ ఇసుక నేలల్లోది. జొన్న, రాగి ఆ ఖండానికే తూర్పు వైపు నుంచి వచ్చాయి. చెనిక్కాయది దక్షిణ అమెరికా. ఓడలెక్కి అక్కడికీ పోయింది, ఇక్కడికీ వచ్చింది. నైజీరియాలోని లేగోస్‌లో తెల్లారకముందే అలసంద పిండి రుబ్బి మరిగే నూనెలో అకరా వేసే ఆమే, పండక్కి అలసంద వడలు వేసే మన రాయలసీమ అవ్వా పక్కపక్కన కూర్చుంటే ఒకరి పిండిని ఒకరు చూసి లోపాలు చెప్పుకోగలరు. ఘనావాళ్లు ఫుఫు అనే ముద్దను నమలరు, పులుసులో అద్ది మింగుతారు. ఇక్కడ సంగటికీ అదే పద్ధతి.

ఇంతా తెలుసుకున్నది వీడియోలో చెప్పడానికి కాదు. చెప్పారో, మీ పరువు పోతుంది. గింజలే మీకన్నా వేల ఏళ్ల ముందు ఈ దారి నడిచాయని తెలిస్తే, వల్లూరిని కనిపెట్టింది మీరేనని ఎవరు నమ్ముతారు?

ఊళ్లోకి వెళ్లే వేళ ముఖ్యం. పొద్దున పదకొండు దాటాక వెళ్లండి. అప్పటికి పనికి పోవాల్సినవాళ్లు పోయుంటారు. అరుగు మీద ఒక ముసలాయన, చెట్టు కింద రెండు మేకపిల్లలు, ఎండ. "ఇక్కడ కాలం ఆగిపోయింది" అన్న మాటకు ఇంతకంటే అనువైన ముహూర్తం ఏ పంచాంగంలోనూ లేదు. పొరపాటున తెల్లారుజామునో, సాయంత్రమో వెళ్లారంటే టిఫిన్ డబ్బాలు పట్టుకుని పోయేవాళ్లు, వచ్చేవాళ్లు, సెల్‌ఫోన్లలో మాట్లాడుకునేవాళ్లు ఎదురవుతారు. కాలం నడిచిపోతూ కనిపిస్తుంది. దాన్ని ఎడిటింగ్‌లో తీసేయడం కష్టం.

కెమెరా ఏ వైపు తిప్పాలో కూడా ముందే అనుకోండి. ఒక వైపు మాత్రం తిప్పకూడదు. అక్కడ పావగడ సోలార్ పార్కు ఉంది. తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, వల్లూరు ఊళ్ల పొలాల మీద 13,000 ఎకరాల్లో పరిచారు. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య శక్తి స్థల అని పేరు పెట్టి ప్రారంభించారు. 2019 చివరికి 2,050 మెగావాట్లకు చేరింది. ప్రపంచంలోనే పెద్ద సోలార్ పార్కుల లెక్కలో దీని పేరు వస్తుంది. కాలం ఆగిపోయిన ఊరి వెనకాల అంత నీలం గాజు తళతళలాడితే ఫ్రేము పాడవుతుంది. మట్టిగోడ ఒకటి వెతుక్కుని దాని ముందు నిలబడండి. మట్టిగోడ దొరక్కపోతే పడిపోయిన గోడ అయినా పనికొస్తుంది.

ఇక తిండి. ఇక్కడ మీకు గొప్ప అవకాశం ఒకటి ఉంది: పావగడ సరిహద్దులో ఉన్న తాలూకా. మూడు వైపులా ఆంధ్ర. అనంతపురం వైపు నుంచి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. తుమకూరు వైపు నుంచి క్యాతసంద్ర పేరు చెప్పుకునే తట్టె ఇడ్లీ. తినేవాళ్లు రెండూ తింటారు, ఏ ఊరిదని అడగరు. మీరు అడగండి. "ఇది ఆంధ్రా వంటా, కర్ణాటక వంటా?" అని పెద్ద అక్షరాలతో బొమ్మ మీద రాయండి. కింద కామెంట్లలో రెండు రాష్ట్రాల వాళ్లూ వారం రోజులు తిట్టుకుంటారు. వండిన మనిషి పేరు మీరు అడగలేదన్న సంగతి ఆ గోలలో ఎవరికీ గుర్తుండదు.

శనివారం పావగడ శని మహాత్మ గుడి దగ్గరికి మాత్రం పోకండి. దూరదూరాల నుంచి భక్తులొస్తారు, బండ్ల దగ్గర గిరాకీ బాగుంటుంది, అమ్మేవాళ్లు చిల్లర గలగలలాడిస్తూ హుషారుగా ఉంటారు. లాభం వచ్చే బండి మీ కథకు చెడుపు.

సంగటి గురించి జాగ్రత్తగా వినండి, అందరూ తప్పేది ఇక్కడే. మీరు వల్లూరికి వచ్చింది సంగటి, ఊరిబిండి కోసం. తీరా ఏ ఇంటి ముందో ఆగి చూస్తే కంచంలో చిత్రాన్నం ఉంటుంది. కర్ణాటకలో 2013లో అన్నభాగ్య మొదలయ్యాక పేద ఇంట్లో రేషన్ బియ్యం నిలకడగా వస్తున్నాయి. రాగులు దంచి, విసిరి, ఎసరు పెట్టి, కట్టెతో గెలికి ముద్ద చేసే తీరిక కూలికి పోయే ఆడమనిషికి రోజూ ఎక్కడిది? అన్నంలో నిమ్మకాయ పిండి, పోపు పెట్టి డబ్బాలో వేసుకుంటే పని అయిపోతుంది. మరోవైపు ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచీ బెంగళూరు పెద్ద హోటళ్లలో రాగిముద్ద తెల్ల పింగాణీ గిన్నెలో దిగుతోంది. అంటే సంగటి ఊరు వదిలి పట్నానికి పోయింది, మీరేమో పట్నం వదిలి సంగటి కోసం ఊరికి వచ్చారు. ఈ చిక్కు విడదీయడం మీ పని కాదు. ఆ ఇంటి అక్కను చిత్రాన్నం పక్కన పెట్టి సంగటి వండమని అడగండి. ఆ పూట కూలి పోతుందంటే, "మీ సంస్కృతి అక్కా, మీరే కాపాడుకోవాలి" అని మందలించండి.

బజ్జీల బండి దగ్గర బజ్జీని సూర్యుడికి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు ఉండాలి. వేసిచ్చిన అవ్వ ఊరుకోదు. "ఏం నాయనా, తినేది ఇడిసిపెట్టి ఆడ ఈడ చూపిస్తాండావు, సల్లారిపోతాంది" అంటుంది. ఈ మాట తీసేసి అక్కడ పిల్లనగ్రోవి సంగీతం పెట్టండి. మీ వీడియోలో పేదవాళ్లు నవ్వవచ్చు, కళ్లనీళ్లు పెట్టుకోవచ్చు. మీకు బుద్ధి చెప్పకూడదు.

ఆమెను అవ్వా అని పిలవడం కూడా ప్రమాదమే. వరస కలిస్తే మొహమాటం పుడుతుంది, మొహమాటం పుడితే డబ్బులు ఇవ్వబుద్ధవుతుంది. వేలు చూపించి "ఇదెంత?" అనండి చాలు. ఎంత చెప్పినా సగానికి అడగండి. ఆ బేరాన్నే "ఇంత చవకా!" అని మళ్లీ వీడియోకు పేరు పెట్టుకోవచ్చు. నూనె ధర ఎంత, సిలిండర్ ఎంత, శనగపిండి ఎంత అన్న ఆలోచన దగ్గరికి రానివ్వకండి.

అడగాల్సిన ప్రశ్నలు ఇవి: రోజూ ఇదే తింటారా? కారం ఎక్కువ కాదా? ఇంత ఎండలో ఎలా ఉంటున్నారు? జవాబు వచ్చేలోపే తల ఊపి తర్వాతి దానికి పోవాలి.

అడగకూడని ప్రశ్న ఒకటే ఉంది: "ఇప్పుడు మీ పనేంటి?" ఈ ప్రశ్న వేసినవాడి తిండియాత్ర అక్కడితో సరి. ఎందుకంటే జవాబు పొడుగ్గా ఉంటుంది. ఈ నేల కరువు నేల. వాన పడితే చెనిక్కాయ, పడకపోతే బెంగళూరు బస్సు. సోలార్ పార్కుకు భూమిని కొనలేదు, కౌలుకు తీసుకున్నారు: ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలు, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంపు. బోర్లు తవ్వి తవ్వి అప్పులపాలైన రైతుకు అది మంచి బేరమే, కాదనలేం. పదెకరాల ఆసామికి తొలి ఏడాదే రెండు లక్షల పదివేలు, కాలు కదపకుండా. భూమే లేనివాడికి సున్నా. రెండేళ్లకోసారి ఆ సున్నాకూ ఐదు శాతం కలుపుతారు.

చెనిక్కాయ చేలో పని అంటే ఒక్క రైతుది కాదు మరి. విత్తనం ఒలిచేవాళ్లు, కలుపు తీసేవాళ్లు, చెట్టు పీకేవాళ్లు, కాయ తెంపేవాళ్లు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు. అసలు ఈ ఊరి సిసలైన బయటి తిండి ఏ బండి మీదా ఉండేది కాదు, ఆ చేలోనే ఉండేది. పీకిన చెట్టు పీకినట్టే మంటలో పడేసి, నల్లబడిన కాయల్ని ఊదుకుంటూ, బూడిద చేతులతో గట్టు మీద కూర్చుని తినడం. దానికి ధర లేదు, ఎవరూ అమ్మలేదు. ఇంటికొచ్చేటప్పుడు కొంగున కట్టుకున్న నాలుగు గుప్పెళ్ల పచ్చికాయ రాత్రికి ఉప్పేసి ఉడికించుకునేవాళ్లు, మర్నాడు ఊరిబిండిలోకి మిగిలిన గింజలు వేయించుకునేవాళ్లు. ఆ పొలాల చుట్టూ ఇప్పుడు కంచె. గొర్రెలు మేసే బీళ్లూ అందులోకే పోయాయి. పార్కు కట్టినన్నాళ్లూ మట్టిపని, మోతపని ఉండేది. కట్టడం అయిపోయాక మిగిలినవి కాపలా, గడ్డి కోత, గాజు పలకలు కడగడం. అవీ అందరికీ సరిపడా లేవు.

చూశారా, బజ్జీ తినడానికి వచ్చి ఎక్కడికి పోయామో. అందుకే ఆ ప్రశ్న వద్దన్నది.

నీళ్ల సంగతి. పావగడ తాలూకా భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ, ఇది ఇవాళ్టి బాధ కాదు. మీరు సంచిలో సీసాలు తెచ్చుకోండి. ఎవరైనా చెంబుతో నీళ్లిస్తే పెదాలకు తాకించి "ఆహా, పల్లె నీళ్లు" అనండి, మింగకండి. ఆ చెంబులోవి శుద్ధి కేంద్రం నుంచి క్యానులో డబ్బిచ్చి తెచ్చుకున్న నీళ్లేమో అన్న అనుమానం మీకెందుకు?

డబ్బుల విషయంలో మెత్తబడవద్దు. తిన్నదానికి బదులుగా మీరు ప్రచారం ఇస్తున్నారు. బండి ఎక్కడుందో మ్యాపులో గుర్తుపెట్టి లోకానికంతా పంపండి. ఆ గుర్తు చూసి బండి లేపేసేవాళ్లు వచ్చినా అది మీ బాధ్యత కాదు. లేగోస్‌లో 2016లో ప్రభుత్వం పాత చట్టం దుమ్ము దులిపి, రోడ్డు మీద తిరిగి అమ్మినవాళ్లకూ వాళ్ల దగ్గర కొన్నవాళ్లకూ 90,000 నైరాల జరిమానా, లేకుంటే ఆరు నెలల జైలు అంది. మన దగ్గర వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది. సర్వే చేయకుండా, కాగితం ఇవ్వకుండా లేపేయకూడదని, పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం మంది అమ్మేవాళ్లే ఉండాలని అందులో రాసుంది. పావగడ లాంటి చిన్న పట్నంలో బజ్జీల అవ్వకు ఆ చట్టం ఉన్నట్టు చెప్పగల మనిషి ఎవరైనా ఉంటే అది చదువుకున్న యాత్రికుడే. అంటే మీరే. చెప్పకండి. చట్టం తెలిసిన అవ్వ కెమెరా ముందు అమాయకంగా ఉండదు.

పిల్లలకు బిస్కెట్ పొట్లాలు పంచే దృశ్యం తప్పనిసరి. పొట్లాం అందుకుంటూ ఉండగా ఫ్రేము ఆపాలి, మీ చేయి కూడా కనిపించాలి. వాళ్ల అమ్మానాన్నల్ని అడిగి తీయడం అనేది టైము దండగ.

వచ్చేసే ముందు మట్టిగోడ దగ్గరే నిలబడి ఆ ముగింపు వాక్యం చెప్పాలి: వీళ్ల దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో. గొంతు కాస్త వణికితే మేలు. మీ ఫోను చార్జింగ్ అయిపోతే అక్కడే ఎవరింట్లోనైనా పెట్టుకోండి. కరెంటుకు మాత్రం ఆ చుట్టుపక్కల కొదవ లేదంటారు, కంచె లోపల.

ఇక ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది పోవచ్చు, తొందరేమీ లేదు. కౌలు ఒప్పందం 28 ఏళ్లది. అది తీరేదాకా ఆ పొలాల్లో చెనిక్కాయ పండదు.