ఓడ మల్లన్న పతకాలు

1892లో బ్రిటిష్ నౌకాదళం ‘ఫూడ్రాయంట్’ అనే ముసలి యుద్ధనౌకను పాతసామాన్ల లెక్కన అమ్మేసింది. 80 ఫిరంగుల ఓడ. 1798లో నీళ్ళలోకి దిగింది, మరుసటి ఏడాదే బ్రిటిష్ నౌకాదళ వీరుడు నెల్సన్ దాని మీద తన జెండా ఎగరేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటాం గానీ, ఆ విద్యలో నౌకాదళాలను మించినవాళ్ళు లేరు.

చేతులు మారి ఓడ జర్మన్ తుక్కు వ్యాపారులకు చేరిందని తెలిశాక మాత్రం దేశానికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంగ్లీషు ఓడను ఇంగ్లీషువాళ్ళు పగలగొట్టుకోవాలి గానీ మధ్యలో వీళ్ళెవరు? షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన కానన్ డాయిల్ ఏకంగా పద్యమే రాశాడు. పద్యాలకు తుక్కు వ్యాపారి కరగడు కనుక వీట్లీ కాబ్ అనే సంపన్నుడు డబ్బిచ్చి ఓడను విడిపించాడు. మరమ్మతుకు ఇంకో 20,000 పౌన్లు పోశాడు.

పోసింది రాబట్టాలిగా! తీరం వెంట ఊరూరా తిప్పి, టికెట్ పెట్టి చూపించారు. 1897 జూన్ 16న బ్లాక్‌పూల్ దగ్గర గాలివాన కొట్టింది. ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చి దెబ్బతింది. మనుషులు బతికి బయటపడ్డారు. నెల్సన్ శత్రువుల వల్ల కాని పని టికెట్ కలెక్షన్ వల్ల అయింది.

అసలు వ్యాపారం అప్పుడు మొదలైంది. ఓక్ చెక్క కుర్చీలూ బల్లలూ అయింది. రాగి కరిగి పతకాలయింది. జర్మన్లు చేయబోయిందీ ఇదేగా అని అడక్కండి. వాళ్ళయితే టన్నుల లెక్కన అమ్మేవాళ్ళు. వీళ్ళు దేశభక్తి లెక్కన అమ్మారు. రేటులో ఎంత తేడా!

కాబ్ దొర పట్టు వదల్లేదు. అదే ఏడాది మరో పాత ఓడను కొని, దానికీ ఫూడ్రాయంట్ అని పేరు పెట్టాడు. అది ‘ట్రింకోమలీ’. 1817లో బొంబాయిలో వాడియా కుటుంబం మలబారు టేకుతో కట్టిన ఓడ. సొంత పేరు తిరిగి తెచ్చుకుని హార్టిల్‌పూల్‌లో ఇవాళ్టికీ తేలుతోంది. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్ళినవి భద్రంగా దాచుకోవడంలో దొరలకు సాటి లేదు.

1905లో, ట్రఫాల్గర్ యుద్ధానికి నూరేళ్ళు నిండినప్పుడు, నావికుల సంఘం ఒకటి నెల్సన్ ఓడలు ‘విక్టరీ’, ఫూడ్రాయంట్‌ల రాగి ఇందులో ఉందంటూ పతకాలు అమ్మింది. తులమా రవ్వా అన్నది కొన్నవాడి భక్తికే వదిలేసింది. అమెరికావాళ్ళు తమ పాత యుద్ధనౌక ‘కాన్‌స్టిట్యూషన్’ మరమ్మతు కోసం 1925లో బడిపిల్లల దగ్గర చిల్లర వసూలు చేశారు. అది చాలక ఓడలోంచి పీకిన చెక్కనూ ఇనుమునూ జ్ఞాపికలుగా అమ్మారు. ఎంత పుచ్చితే అంత సరుకు! ఇప్పుడా ఓడలో మొదటి చెక్క పది పదిహేను శాతమే. మిగతాదాన్లో కొంత పాత ఇళ్ళ అలమరాల్లో వెతుక్కోవాలి.

మనకిన్ని తిప్పల్లేవు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971లో విశాఖ ఎదుటే మునిగింది. 1997లో విక్రాంత్ రిటైరై, ముంబైలో మ్యూజియమైంది. ఆ ఖర్చు ఎవరూ నెత్తికెత్తుకోక, దాదాపు 60 కోట్లకు తుక్కు కింద పోయింది. 2014లో కోత మొదలైంది. 2016కల్లా ఆ లోహం కలిపిన ట్యాంకుతో బజాజ్ మోటారు సైకిల్ రోడ్డెక్కింది. వాళ్ళు ఓడ కోసం పతకాలు అమ్మితే, మనం ముందు ఓడను వదిలించుకుని తర్వాత పతకం చేయించాం. పైగా మనది మైలేజీ కూడా ఇస్తుంది.

ఆ బండెక్కి విశాఖ బీచ్ రోడ్డులో వెళ్తే ఇసుకలో నిలబెట్టిన కుర్సురా జలాంతర్గామి కనబడుతుంది. 2002 నుంచి టికెట్ మీద చూపిస్తున్నారు. బండ్ల కంపెనీవాళ్ళెవరైనా టేపు పట్టుకుని దాని చుట్టూ తిరుగుతుంటే కాస్త కబురు పెట్టండి.