నేల విడిచి లెక్క

ఇల్లు కట్టేవాడు నేల చూస్తాడు. షోరూమ్‌వాడు ఇల్లు కట్టేవాణ్ణి చూస్తాడు. వీళ్ళిద్దరూ ఫోనులో ఏం చూస్తున్నారో, దేనికి లైకు కొట్టారో, ఎక్కడ రెండు సెకన్లు ఆగి ముందుకు జరిగారో చూస్తూ కూర్చునేవాడు ఇంకొకడున్నాడు. టైల్స్ వ్యాపారంలో ఇవాళ అసలైన పెద్దమనిషి అతనే. అతని విద్య పేరు సోషల్ మీడియా ట్రాకింగ్. తాపీ పట్టినవాళ్ళకు మేడే ఉంది, ఇంజనీర్లకు విశ్వేశ్వరయ్యగారి పుట్టినరోజుంది. ఇతన్ని తలుచుకోవడానికి క్యాలెండర్లో ఒక్క రోజూ లేదు. ఆ అన్యాయాన్ని కొంతైనా సరిదిద్దుదామని కూర్చున్నాను.

అయ్యా, ముందుగా మీ రిపోర్టుకు దండం. సోమవారం పదింటికల్లా షోరూమ్ యజమాని టేబుల్ మీదికి వచ్చేస్తుంది. మొదటి పేజీలోనే పైకి పోయే గీత ఉంటుంది. కిందికి దిగే గీత అందులో నాకెప్పుడూ కనబడలేదు. దిగిన వారం మీరు గీతను దాచరు, అంత చిన్న మనసు మీకు లేదు. కొలిచే సరుకునే మార్చేస్తారు. లైకులు తగ్గితే రీచ్, రీచ్ తగ్గితే సేవ్‌లు, అవీ తగ్గితే 'బ్రాండ్ అవగాహన'. ఆ చివరిదాన్ని ఎవరూ తూచలేరు కాబట్టి అది ఎప్పుడూ తగ్గదు. గోడౌన్‌లో పెట్టెలు పోయిన నెలవి పోయిన నెలలాగే పేర్చి ఉన్నా యజమాని ఆ పేజీ చూసి ఇంకో కప్పు టీ చెబుతాడు. వ్యాపారికి మనశ్శాంతి ఇవ్వడం మాటలు కాదు.

మీ వల కూడా చాలా పెద్దది. 'ఫ్లోర్' అని వేసి వదిలారంటే, ఏదో ఒక రాష్ట్రం అసెంబ్లీలో బలపరీక్ష జరిగిన వారం మీ పరిశ్రమ మీద జనానికి ఎక్కడలేని ఆసక్తి పుట్టుకొస్తుంది. 'బండ' అని వేస్తే గ్యాస్ ధర పెరిగిన రోజున నాపరాళ్ళ గురించి ఊరంతా మాట్లాడుకున్నట్టు తేలుతుంది. చీమకుర్తిలో తీసే నల్ల గ్రానైటు, లోపల మెరుపు చుక్కలున్న ఆ బ్లాక్ గెలాక్సీ, సముద్రాలు దాటి ఎన్నో దేశాల వంటిళ్ళకు వెళ్ళింది. మీ వలలో ఆ పేరుతో పడేవి మాత్రం సామ్‌సంగ్ ఫోన్లు. ఏరి పారేయడానికి మనిషి కావాలి, ఏరితే అంకె తగ్గుతుంది. రెండూ నష్టమే కనుక మొత్తం కలిపి కూడేస్తారు. దేన్నీ పరాయిదిగా చూడని ఆ విశాల హృదయం ఎందరికుంటుంది?

ఒక్క విషయంలో మాత్రం మీరు కచ్చితం. తాండూరు నాపరాయి, బేతంచెర్ల బండ, షాబాద్ బండ, కడప నల్లరాయి - వీటికి అకౌంట్లు లేవు, రీల్స్ లేవు. కాబట్టి మీ పట్టికలో 'చర్చలో వాటా' అన్నచోట వీటికి సున్నా. రాయలసీమలో, తెలంగాణలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఆ బండల మీద దిండు కూడా లేకుండా పడుకుని బతికిన తరాలున్నాయి. ఆ చల్లదనం గురించి వాళ్ళు పోస్టు పెట్టలేదు, నిద్రపోయారు. నిద్రపోయినవాళ్ళను లెక్కలోకి తీసుకోకపోవడం ధర్మమే.

మీరు కనిపెట్టినవాటిలో నాకు బాగా నచ్చింది ధర దాచే కిటుకు. ఏ టైల్స్ రీల్ కిందయినా చూడండి. 'ప్రైస్?' అని ఒకరు. 'ధరెంత అన్నా' అని ఇంకొకరు. 'అడుగు ఎంత పడుతుంది, ఖమ్మం పంపుతారా' అని మరొకరు. అందరికీ ఒకటే జవాబు: 'డీఎం చేశాం, చూడండి'. ధర రీల్ మీదే రాసేస్తే ఈ ప్రశ్నలుండవు, ఈ జవాబులూ ఉండవు. మరి ఎంగేజ్‌మెంట్ ఎక్కణ్ణుంచి రావాలి? అడిగినవాడి ప్రశ్న ఒక కామెంటు, మీ జవాబు ఇంకోటి, 'ఏ డీఎం రాలేదు బాబూ' అని అతను విసుక్కున్నది మూడోది. మనిషి ఒక్కడే, అనుమానం ఒక్కటే, లెక్కలో మూడు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడే దళారులు మీ ముందు ఏపాటి? వాళ్ళు నలుగురి కళ్ళు కప్పడానికి తువ్వాలు కప్పారు. మీరు ఊరంతా చూస్తుండగా, ఏ తువ్వాలూ లేకుండా, ధర కనబడకుండా చేస్తున్నారు. పైగా ఎంతమందికి కనబడలేదో లెక్కగట్టి అది విజయమని చూపిస్తున్నారు.

ఇక కామెంట్లలోని మనోభావాలు కొలిచే మీ యంత్రం. పాపం, పసిమనసు దానిది. పొగడ్తయితే ఆకుపచ్చ, తెగడ్తయితే ఎరుపు, ఏదీ తేలకపోతే బూడిదరంగు. మన జనమేమో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్ళు రాస్తారు. పైగా కోపమొస్తే తిట్టరు, మర్యాద పెంచుతారు. గోదావరి జిల్లాల నుంచి ఒకాయన ఇలా రాశాడనుకోండి: 'ఆయ్, సూపరండీ మీ టైల్స్! వేయించిన వారానికే మా మావయ్యగారు వరండాలో సాష్టాంగపడ్డారండీ, ఇంకా లేవలేదండీ.' యంత్రానికి అందులో సూపర్ కనబడింది, గారు కనబడింది, భక్తి కూడా కనబడింది. వెంటనే ఆకుపచ్చ వేసింది. అదే కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళాంధ్ర దేవుణ్ణి తిడుతున్నట్టే తిడుతూ కొలిచిన ఆంధ్రనాయక శతకాన్ని దాని నోట్లో వేసి చూడండి. పద్యం పద్యానికీ ఎరుపే. స్వామివారి ప్రతిష్ఠ దెబ్బతింటోందని మీరు అత్యవసర మీటింగు పెట్టి, కవిగారిని డీఎంలోకి రమ్మంటారు. మెచ్చుకోలుకూ ఎత్తిపొడుపుకూ తేడా తెలియకపోవడం కొందరికి పుట్టుకతో వచ్చే సుఖం. దాన్ని నెలనెలా చందా కట్టి కొనుక్కున్న ఘనత మీదే.

మీ కళాదృష్టి గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. గ్లాసీ టైల్ మీద దీపం పడితే కెమెరాకు పండగ. మ్యాట్ టైల్ ఎంత మంచిదైనా ఫోటోలో తుడవని నేలలా కనబడుతుంది. మీ లెక్కల్లో మెరిసినదానికే ఎక్కువ వ్యూస్ వచ్చాయి, కాబట్టి షోరూమ్ ముందు వరసలోకి మెరిసినదే వచ్చింది, కాబట్టి బాత్రూముకూ బాల్కనీకీ వానకు తడిసే మెట్లకూ అదే వెళ్ళింది. జారుడు కొలవడానికి జర్మన్ల పద్ధతి ఒకటుంది. నూనె పోసిన పలక మీద మనిషిని నడిపిస్తూ, పలకను కొంచెం కొంచెం ఎత్తుతూ, ఎన్ని డిగ్రీల వాలు దగ్గర కాలు పట్టు తప్పుతుందో చూస్తారు. దాన్నిబట్టి ఆర్9 నుంచి ఆర్13 దాకా ఒక అంకె వేస్తారు. 10 డిగ్రీల లోపలే జారేది ఆర్9, 19 దాటి నిలిచేది ఆర్11. కేటలాగులో ఆ అంకె ఉంటే ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మీ రిపోర్టులో ఇన్ని గళ్ళున్నాయి కదా, దీనికొక గడి లేదు. దీనికి వ్యూస్ రావు మరి.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు అన్నది మీరు పుట్టకముందు. మీ కొలువులో అది తిరగబడింది. నోరు జారిన కామెంటును క్షణంలో తీసేస్తారు, పెట్టినవాణ్ణి బ్లాక్ చేస్తారు. కాలు జారిన మనిషి మాత్రం తుంటి ఎముకకు స్టీలు ముక్క వేయించుకుని నెలల తరబడి మంచం మీదుంటాడు. ఆ మంచం మీద పడుకుని అతను ఫోనులో రీల్స్ చూస్తుంటాడని, అదీ మీ ఖాతాలోకే వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి, గిట్టనివాళ్ళ మాట.

మేస్త్రీని పట్టించుకోకపోవడం మీ హుందాతనం. ఆయన దగ్గర రసమట్టం, దారం, రబ్బరు సుత్తి తప్ప ఏముంది? ఫాలోయర్లు లేరు. కానీ ఇల్లు కట్టే ఆసామి ఆఖరున 'ఏదేద్దాం మేస్త్రీ?' అని అడిగేది ఆయన్నే. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతం నీళ్ళు కూడా పీల్చదని, అందుకే ఉత్త సిమెంటు పాలు దాన్ని సరిగ్గా పట్టుకోవని, పళ్ళతాపీతో జిగురు నిండుగా పరిస్తేనే నిలుస్తుందని ఆయనకు తెలుసు. చెబుతాడు కూడా. జిగురు సంచి ధర విని ఆసామి మొహం చిట్లిస్తాడు. సరే మీ ఇష్టమని మేస్త్రీ నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమన ఒక ముద్ద పెట్టి అతికించేస్తాడు. గృహప్రవేశం రోజున రీల్ తీసుకుంటారు, మిమ్మల్ని ట్యాగ్ చేస్తారు, మీరు గుండె గుర్తు పెడతారు. అప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తే టైల్ కింద బోలు చప్పుడు వినబడేది. పాట పెట్టిన రీల్‌లో అది వినబడదు.

రెండు మూడు వేసవులు గడిచాక ఒక మధ్యాహ్నం హాలు నడుమన రెండు టైళ్ళు ఢామ్మని పైకి లేచి నిలబడతాయి. వేసేటప్పుడు సందులు వదలకుండా అంచుకు అంచు ఆనించి ఉంటే మరీను, వేడికి సాగడానికి చోటు ఉండదు. అప్పుడు ఆ ఆసామి మీ పాత రీల్ వెతుక్కుని దాని కింద తన గోడు వెళ్ళబోసుకుంటాడు. మీరు చూడరు. చూడకపోవడం నిర్లక్ష్యం కాదు, మీ రిపోర్టు గత ఏడు రోజులకే. నేలను జనం 30 ఏళ్ళ కోసం వేయించుకుంటారు. అంతకాలం ఒక వస్తువును గుర్తుపెట్టుకోవడం ఆధునిక పద్ధతి కాదు, నిజమే.

ధోరణులు పసిగట్టే మీ ముక్కు మరీ గొప్పది. టైల్ మీద డిజిటల్ ప్రింటింగ్ వచ్చాక ఏ బొమ్మ కావాలంటే ఆ బొమ్మ అచ్చవుతోంది. మీరు ఇక్కడ 'ఈ గీతల పాలరాయి నడుస్తోంది' అని మెసేజ్ పెట్టడం ఆలస్యం, గుజరాత్‌లోని మోర్బీలో కొలిమిలోంచి అదే దిగుతుంది. కొన్నాళ్ళకు మీ గీత ఇంకోవైపు తిరుగుతుంది, ఆ డిజైన్ ఆగిపోతుంది. ఇంట్లో రోకలి పడి ఒక టైల్ పగిలితే ఆ జత ఇక దొరకదు. అందుకే తెలిసినవాళ్ళు పెట్టె మీద బ్యాచ్ నంబరూ షేడూ చూసుకుని, నాలుగు పెట్టెలు ఎక్కువే కొని మంచం కింద పెట్టుకుంటారు. ఆ ఎక్కువ పెట్టెలు కూడా మీ పుణ్యమే, అమ్మకాల్లోకి వచ్చాయి. ఈమధ్య మీ ముక్కుకు 'టెరాజో' వాసన తగిలింది. అదేమిటో అనుకునేరు, మన నాన్నగార్లు ముక్కలు పోసి, మిషనుతో రుద్దించి, ఆ తెల్లటి బురద వీధిలోకి పారుతుంటే చుట్టుపక్కలవాళ్ళతో తిట్లు తిన్న మొజాయిక్కే. దాన్ని పాతబడిందని గునపాలతో లేపించి, దాని ఫోటో అచ్చేసిన టైల్‌ను అదే గదిలో పరిపిస్తున్నారు. చక్రం ఇంత వేగంగా తిప్పగలవాళ్ళు చరిత్రలో తక్కువ.

చివరగా చట్టం పట్ల మీకున్న వినయం. డబ్బో సరుకో పుచ్చుకుని పొగిడేవాళ్ళు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని, హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదని, వీడియో అయితే చూపులోనూ మాటలోనూ ఉండాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదారి పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. ఆన్‌లైన్ సమీక్షలకు 2022లో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం కూడా వచ్చింది. మీరు ఎవరి రీల్‌కు ఎన్ని గుండె గుర్తులు వచ్చాయో అర్ధరాత్రి లేపి అడిగినా చెప్పగలరు. సుత్తితో టైల్‌ను బాది 'చూశారా, బీట పడలేదు' అన్న కుర్రాడికి ఆ టైల్సు ఇంటికి ఉచితంగా వచ్చాయా, కొన్నాడా అంటే మాత్రం మీ చూపు మందగిస్తుంది. వయసు ప్రభావం కావచ్చు, కళ్ళద్దాలు మార్చుకోండి.

ఇంత రాశాక ఒక్క మనవి. ఈ వ్యాసంలో దండం ఉంది, ఘనత ఉంది, పుణ్యం ఉంది, 'గొప్పది', 'నచ్చింది' అన్న మాటలున్నాయి. మీ యంత్రం దీన్ని ఏ రంగులో వేస్తుందో నాకు తెలుసు. వేయండి, సోమవారం మొదటి పేజీలోనే పెట్టుకోండి, నా పేరు పక్కన 'చిన్న ఇన్‌ఫ్లుయెన్సర్' అని రాసినా అభ్యంతరం లేదు. బదులుగా నాకేమీ పంపొద్దు. మా బాత్రూముకు మ్యాట్ టైల్స్ ఆరు పెట్టెలు కావాలి, ఆర్11 ఉన్నవి. పెట్టె ధరెంతో డీఎంలో కాదు, ఇక్కడే అందరికీ కనబడేటట్టు రాయండి.