నైరుతి కుంగిన ఇంటివాడి మొర

మా హాలు నైరుతి మూల కుంగింది. వాస్తు ప్రకారం నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా ఉండాలి. మా నైరుతికి ఈశాన్యం కావాలని కోరిక పుట్టింది. పిల్లాడు గోళీ ఎక్కడ వదిలినా అది దొర్లుకుంటూ వెళ్లి ఆ మూల సోఫా కిందే ఆగుతోంది. సిద్ధాంతి గారు వచ్చి చూసి మెట్లు మార్చమన్నారు. కాంట్రాక్టరు చూసి, "కొత్తిల్లు కదా సార్, కూర్చుంటోంది" అన్నాడు. ఇల్లు కూర్చుంటే మేమెక్కడ కూర్చోవాలో సెలవియ్యలేదు.

మాది గుంటూరు వైపు నల్లరేగడి. పత్తికీ మిర్చికీ బంగారం లాంటి నేలే. కాకపోతే తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు తీస్తుంది. ఈ సంగతి ఊళ్లో ప్రతి రైతుకీ తెలుసు. అయినా పునాది గుంతల్లోంచి ఎత్తిపోసిన ఆ మట్టినే తిరిగి బేస్‌మట్టంలోకి తోశారు. ఇదేమిటయ్యా అంటే, "గ్రావెల్ ట్రక్కు రేటెంతో తెలుసా సార్?" అని ఎదురు ప్రశ్న. బిల్లులో మాత్రం గ్రావెలే ఉంది.

ఒక గుంతను జేసీబీ అడుగు లోతు ఎక్కువ తవ్వింది. అలా తవ్విన చోట బెడ్డు కాంక్రీటే నింపాలి, వదులు మట్టి పోసి సరిచెయ్యకూడదు. మావాళ్లు మట్టి కాలితో తోసి, పారతో రెండు తట్లు తట్టారు. ఆ రాత్రి వాన పడింది. పొద్దున్నే మోటారుతో నీళ్లు తోడారు గానీ, అడుగున మెత్తబడ్డ బురదని గట్టినేల తగిలేదాకా చెక్కి తియ్యలేదు. దానిమీదే కంకర పరిచారు. ఇప్పుడు ఆ పిల్లరు పక్క గోడకి, కిటికీ మూల నుంచి ఏటవాలుగా బీట. "పుట్టీ పెడితే పోతుంది సార్."

ఇక మట్టి నింపిన రోజు. 20 సెంటీమీటర్లకు మించని పొరలుగా పోసి, ప్రతి పొరా తడిపి దిమ్మిస కొట్టాలని కేంద్ర ప్రజాపనుల శాఖ నిబంధన. మా ఇంట్లో మూడడుగుల మట్టీ కలిసి ఒకే పొర. గృహప్రవేశం ముహూర్తం మించిపోతోందట! దిమ్మిస ఏదీ అంటే గోడకి ఆనించి ఉన్నదాన్ని చూపించారు. దానికి పసుపు కుంకుమలు మాత్రం లోటు లేదు. "రాత్రంతా పైపు వదిలేస్తాం, మట్టి అదే దిగుద్ది" అన్నారు. ఇసుకైతే దిగుతుంది. రేగడి దిగదు. పైన బురద, లోపల పొడి గడ్డలు, గడ్డల మధ్య గాలి. ఆ గాలికి నేను నెలనెలా బ్యాంకుకు వాయిదా కడుతున్నాను.

లాస్ ఏంజిలిస్‌లో మట్టి ఆనకట్టలు కట్టిన ప్రాక్టర్ అనే ఇంజనీరు 1933లోనే ఈ గుట్టు విప్పి రాశాడు. పొడిమట్టిని ఎంత మోదినా చిక్కబడదు, మరీ తడిస్తే నీళ్లే అడ్డం పడతాయి, నడుమ ఒక సరైన తేమ ఉంటుంది. ఆ తేమ దగ్గరే మట్టి గట్టిగా కూరుకుంటుంది. దాన్ని కనిపెట్టడానికి లాబులో మూడు పొరలు, పొరకు 25 దెబ్బలు. చెయ్యి తిరిగిన మేస్త్రి పిడికెడు మట్టి నొక్కి చూస్తాడు: సున్నుండలా నిలవాలి, నీరు కారకూడదు. మావాడి పిడికిట్లో మట్టి దుమ్మై లేచింది. తుమ్మి, "కానివ్వండి" అన్నాడు.

శంకుస్థాపన నాడు ఆ భూమిలో నవధాన్యాలు వేశాం, పంచలోహాలు వేశాం. భూమి పరీక్ష సంగతి ఎత్తితే మాత్రం, "మనదేమన్నా అపార్టుమెంటా సార్?" అన్నాడు కాంట్రాక్టరు.

ఇల్లు కట్టుకుంటున్న మహానుభావులారా! మట్టి తోలే రోజున కుర్చీ వేసుకుని బేస్‌మట్టంలోనే కూర్చోండి. ట్రాక్టరు డ్రైవరుకి టీ ఇప్పించండి, టిఫిను పెట్టించండి, కానీ మొదటి పొర మీద దిమ్మిస పడేదాకా రెండో ట్రక్కు ఎత్తనివ్వకండి.