గల్లాపెట్టె మీద నిఘా

మళ్లీ మొదలెట్టారు కలెక్టర్లు. మత్తుమాత్రల అమ్మకం ఆపాలంటే మందుల షాపుల్లో సీసీ కెమెరాలు పెట్టాల్సిందే, లేకపోతే లైసెన్సు రద్దట. మా వీధి షాపులో కెమెరా ఎప్పుడో వచ్చిందండీ. తిన్నగా గల్లాపెట్టె కేసి చూస్తుంటుంది. కౌంటర్లో కుర్రాడు యాభై నోటు జేబులో వేసుకున్నాడా, ఓనరు ఫోన్లో ఇట్టే దొరికిపోతాడు. అదే కుర్రాడు చీటీ అడక్కుండా నిద్రమాత్రల స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే మాత్రం అది వ్యాపారం.

ఇక షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న పవిత్ర గ్రంథం. డాక్టరెవరు, రోగి ఎవరు, ఏ మందు, ఎన్ని మాత్రలు, అన్నీ రాయాలి, మూడేళ్లు దాచాలి. నిద్రమాత్ర ఆల్‌ప్రాజోలం నుంచి యాంటీబయాటిక్ సెఫిక్సిమ్ దాకా ఇదే రూలు. సెఫిక్సిమ్ కొన్నప్పుడు మీ పేరెవరైనా అడిగారా? నన్నయితే అడగలేదు. అయినా రిజిస్టరులో ఒక్క గడీ ఖాళీ ఉండదు.

తనిఖీకి వస్తున్నారని కబురందిన రాత్రి నెల అమ్మకాలన్నీ ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో ఎక్కేస్తాయి. నేను చూసిన ఒక పేజీలో రోగులు లక్ష్మి, రమణ, మళ్లీ లక్ష్మి, మళ్లీ రమణ. ఇంటిపేర్లు లేవు. చిరునామా గడి నిండా ‘లోకల్’. డాక్టరు ఒక్కడే. పసిపిల్ల జ్వరానికీ ఆయనే, ముసలాయన నిద్రకీ ఆయనే, ఆదివారం కూడా సెలవు లేకుండా. తెలుగు కథకి రోజులు చెల్లాయని దిగులుపడే విమర్శకులు ఈ రిజిస్టర్లు తిరగేయాలి.

ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడ మీద ఉంటుంది. ఆ మనిషి ఏ ఊళ్లో ఉంటాడో అడక్కండి.

సరే, కౌంటరు మీది పది మాత్రలకి కెమెరా. కల్లులో కలిపే ఆల్‌ప్రాజోలం స్ట్రిప్పుల్లో వస్తుందా? కిలోల్లో వస్తుంది. 2025లో హైదరాబాద్ బోయిన్‌పల్లిలో దాని తయారీ బయటపడింది ఒక బడి భవనంలో! అదే ఏడాది జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి జనం చచ్చిపోయారు. ఆ చావులు రాయడానికి ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. మత్తుమందుల మీద కట్టడి నిజంగా పనిచేసేది ఒక్కరి మీదే, మంచాన పడ్డ కేన్సర్ రోగి మీద. 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చాక, కేసులంటే భయపడి, లైసెన్సుల చుట్టూ తిరగలేక చాలా ఆసుపత్రులు నొప్పి తగ్గించే మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గుర్తింపు పొందిన వైద్యసంస్థ అయితే చాలంది. ఆ గుర్తింపు తెచ్చుకునే ఓపిక ఎన్ని ఆసుపత్రులకుంది? ఆ మార్ఫిన్ తీసే నల్లమందును లైసెన్సిచ్చి మరీ పండించి, ఎగుమతి చేసే దేశం మనది. ఎముకల్లోకి కేన్సర్ పాకిన తండ్రి రాత్రంతా అరుస్తుంటే, కొడుకు ఏ షాపు తలుపు తట్టినా “అది మా దగ్గరుండదు బాబూ” అనే మాటే. మత్తు కావాలన్నవాడికి సందు చివర దొరుకుతుంది. నొప్పి తగ్గాలన్నవాడు నగరానికి బస్సెక్కాలి. సిగ్గుండక్కర్లేదా మనకి?

కలెక్టర్లకు ఒక మనవి. ఎన్ని కెమెరాలు బిగించారో తర్వాత చెబుదురుగాని, మీ జిల్లాలో మార్ఫిన్ మాత్ర ఏ ఆసుపత్రిలో, ఏ రోజుల్లో ఇస్తారో రాయించి పెద్దాసుపత్రి గేటు దగ్గర బోర్డు పెట్టించండి. ఎక్కడా ఇవ్వకపోతే ఆ సంగతే రాయించండి.