ఆగిన బండి, ఆగని వడ్డన

రోడ్డు మీద కారు మొరాయిస్తే వచ్చి ఆదుకునే సేవను రోడ్‌సైడ్ అసిస్టెన్స్ అంటారు. షోరూంలోనూ బీమా ఆఫీసులోనూ దాని పేరు ఆర్‌ఎస్‌ఏ. బ్యాటరీ దిగిపోతే జంప్‌స్టార్ట్ ఇవ్వడం, టైరు పంక్చరైతే స్టెప్నీ ఎక్కించడం, పెట్రోలు అయిపోతే నాలుగైదు లీటర్లు తెచ్చి పోయడం, తాళం లోపలుండి తలుపు పడిపోతే తెరవడం, ఏదీ కుదరకపోతే బండిని వర్క్‌షాప్‌కు చేర్చడం దాని విధులు. ఇలాంటి సేవ ఒకటి తనకుందన్న సంగతి కారు యజమానికి రెండే సందర్భాల్లో గుర్తొస్తుంది. ఒకటి కారు ఆగినప్పుడు, రెండు రెన్యూవల్ మెసేజ్ వచ్చినప్పుడు. మొదటిది ఎన్నేళ్లకోసారో జరుగుతుంది, అసలు జరగకపోనూ వచ్చు. రెండోది మాత్రం తద్దినంలా ఏటా తిథి తప్పకుండా వస్తుంది.

ఈ సేవ విడిగా ఎందుకు కొనాలన్నది న్యాయమైన ప్రశ్న. జనం ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అని పిలుచుకునే ప్యాకేజీ పాలసీలో, కంపెనీ చెల్లించని వాటి జాబితా ఒకటి ఉంటుంది. అరుగుదల, తరుగుదలల పక్కనే యాంత్రిక, విద్యుత్ లోపాల వల్ల బండి ఆగిపోవడం కూడా అందులో ఉంది. ప్రామాణిక పాలసీలో టోయింగ్ ఖర్చు ఇస్తారు గానీ అది ప్రమాదం జరిగితేనే, అదీ 1,500 రూపాయల వరకే. అంటే కారు వెళ్లి చెట్టును గుద్దుకుంటే కంపెనీ పలుకుతుంది. బుద్ధిగా పక్కకు తీసి ఆగిపోతే పలకదు. ‘ఫుల్’ అన్న మాటలో ఈ మాత్రం వెలితి ఉంది కాబట్టి ఆర్‌ఎస్‌ఏ అవసరం నిజమైనదే. బీమా పాలసీకి అనుబంధంగా తీసుకుంటే చాలా కార్లకు కొన్ని వందల రూపాయలతో పోతుంది కూడా. ఎగతాళికి అర్హత ఉన్నది సేవకు కాదు, దాన్ని అమ్మే తీరుకు, ఏటా తిరగరాసే ధరకు.

అమ్మకంలో మొదటి సూత్రం: ఉన్నదాన్నే మళ్లీ అమ్మడం. కొత్త కారుతో పాటు తయారీ కంపెనీయే కొన్నేళ్లపాటు ఈ సేవను ఉచితంగా ఇవ్వడం మామూలు. అదే రోజు, అదే షోరూంలో, అదే బల్ల మీద బీమా పాలసీలో ఆర్‌ఎస్‌ఏ యాడ్-ఆన్ చేరుతుంది. పక్క బల్ల దగ్గర ఎక్స్‌టెండెడ్ వారంటీ ప్యాకేజీలో మూడోది ఉంటుంది. యజమాని జేబులోని క్రెడిట్ కార్డు మంచి రకమైతే నాలుగోది అందులో నిద్రపోతూ ఉంటుంది. ఇలా ఒక్క కారుకు నలుగురు రక్షకులు తయారవుతారు. అయితే ఒక కారును ఒకేసారి రెండు క్రేన్లు లాగలేవన్న భౌతిక సత్యం ఏ బ్రోచర్‌లోనూ కనిపించదు. బీమా కూడా తమ దగ్గరే తీసుకోవాలని, బయట తీసుకుంటే క్యాష్‌లెస్ ఉండదని షోరూంలో ఒక గంభీరమైన హెచ్చరిక వినిపిస్తుంది. క్యాష్‌లెస్ అనేది బీమా కంపెనీకి, వర్క్‌షాప్‌కు మధ్య ఒప్పందం. పాలసీ ఏ బల్ల మీద అమ్ముడుపోయిందో దానికి అక్కర్లేదు. ఫలానా కంపెనీ బీమాయే కొనాలని డీలరు ఒత్తిడి చేయకూడదని 2017లో వచ్చిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాటిని షోరూం గోడకు తగిలించిన దాఖలాలు అరుదు.

ఆన్‌లైన్‌లో కొనేవారి అనుభవం ఇంకో రకం. పాలసీ పేజీ తెరవగానే కొన్ని గడుల్లో టిక్కులు ముందే పడి ఉంటాయి. ఆర్‌ఎస్‌ఏ, ఇంజిన్ రక్షణ, తాళం పోతే పరిహారం, లోపలి సామాన్లకు భరోసా అన్నీ అడగకుండానే వచ్చి కూర్చుంటాయి. ఒక టిక్కు తీస్తే తెర మీద ఎర్ర అక్షరాలు లేస్తాయి, నడిరోడ్డు మీద కుటుంబం నిలబడి ఉన్న బొమ్మతో సహా. ఇలాంటి విద్యలను ‘డార్క్ ప్యాటర్న్స్’ అంటారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్‌లో వాటిలో 13 రకాలు పేర్కొని నిషేధించింది. అడగని సరుకు బుట్టలో వేయడం అందులో ఒకటి, వద్దన్నవాడిని సిగ్గుపడేలా చేయడం మరొకటి. రెండో దానికి ఆ మార్గదర్శకాలు ఎంచుకున్న ఉదాహరణ ఏదో కాదు, విమాన టికెట్‌తో బీమా వద్దన్న ప్రయాణికుడి చేత ‘నేను రక్షణ లేకుండానే ఉంటాను’ అనిపించడం.

ఇక షరతులు. వీటిని చిన్న అక్షరాల్లో ముద్రించడం సంప్రదాయం. టోయింగ్‌కు కిలోమీటర్ల హద్దు ఉంటుంది, ఏడాదికి ఎన్నిసార్లు పిలవొచ్చో లెక్క ఉంటుంది. పెట్రోలు తెచ్చి ఇస్తారు, పెట్రోలు ధర మాత్రం కస్టమర్‌దే. బ్యాటరీకి జంప్‌స్టార్ట్ ఉచితం, చచ్చిపోయిన బ్యాటరీకి బదులు కొత్తది సొంత ఖర్చు. పంక్చరైతే స్టెప్నీ మారుస్తారు, ఆ స్టెప్నీలో గాలి ఉండటం యజమాని పూర్వజన్మ సుకృతం. వరదల్లాంటి ప్రకృతి వైపరీత్యాల్లో సేవ ఉండదనే షరతు చాలా ఒప్పందాల్లో కనిపిస్తుంది. జోరువానకు హైదరాబాద్ అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచి, సహాయం అత్యవసరమైన సాయంత్రం ఆ షరతు నిద్ర లేస్తుంది. ఆటోమేటిక్ కార్లు, ఎలక్ట్రిక్ కార్లు ఉన్నవారు ఇంకో ప్రశ్న అడిగి తీరాలి. చక్రాలు నేల మీద దొర్లించి లాక్కెళ్తే వీటి యంత్రాంగం పాడవుతుంది కాబట్టి బండిని మొత్తంగా ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ కావాలి. దానికి అదనపు రుసుము ఉందా లేదా అన్నది కొనే ముందు తెలుసుకోవాల్సిన విషయం. సాధారణంగా తెలిసేది రోడ్డు మీద.

షరతుల అసలు రూపం చూడాలంటే నల్లమల మంచి చోటు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సాగుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు అటవీ శాఖ చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను ఆపేస్తుంది. దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు. సాయంత్రం ఆరింటికి అక్కడ కారు ఆగితే, ‘మీ లొకేషన్ షేర్ చేయండి’ అని యాప్ మర్యాదగా అడుగుతుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కోతులు మాత్రం ఎలాంటి రిజిస్ట్రేషన్ లేకుండానే అయిదు నిమిషాల్లో హాజరవుతాయి. చివరికి అటుగా పోతున్న ఆర్టీసీ డ్రైవరో జీపువాళ్లో చెక్‌పోస్టులో చెప్పడం, అక్కడివాళ్లు మెకానిక్‌కు కబురు పెట్టడం, తాడు కట్టి లాగడం జరుగుతాయి. ఆ తాడు ఖర్చు కంపెనీని అడిగితే ఇంకో షరతు బయటికొస్తుంది: ముందుగా కాల్‌సెంటర్‌కు చెప్పి అనుమతి తీసుకోకుండా చేయించుకున్న టోయింగ్‌కు డబ్బు తిరిగి ఇవ్వరు. ‘దేశవ్యాప్తంగా 24 గంటల సేవ’ అన్న మాటలో అబద్ధం లేదు, దేశం ఎక్కడెక్కడ ఉందన్న దాంట్లోనే అభిప్రాయ భేదం.

పైసా అదనంగా కట్టకుండా దొరికే సహాయం ఒకటుంది. దాని గురించి ఏ ఏజెంటూ చెప్పడు, అందులో కమిషన్ లేదు కాబట్టి. జాతీయ రహదారుల మీద 1033కు ఫోన్ చేస్తే పెట్రోలింగ్ వాహనం, అంబులెన్స్, క్రేన్ లాంటి అత్యవసర సాయం అందించే ఏర్పాటు ఉంది. టోల్ రోడ్డు నిర్వహించేవారి బాధ్యతల్లో ఇది భాగం. ఆ క్రేన్ పని దారికి అడ్డు తొలగించడమే, కారును ఇంటిదాకా దిగబెట్టడం కాదు. అయినా విజయవాడ హైవే మీద అర్ధరాత్రి లారీల మధ్య చిక్కుకున్నవాడికి ముందు కావాల్సింది అదే. ఫాస్టాగ్‌లో ప్రతిసారీ కోతపడే డబ్బులో ఈ సేవ కూడా ఉందని తెలియక జనం దానికి ఇంకోసారి డబ్బు కడుతుంటారు.

రెన్యూవల్ అధ్యాయం ఇక్కడ మొదలవుతుంది. గడువుకు నెలా నెలన్నర ముందే ఫోన్లు మొదలవుతాయి. మొదటి ఫోన్‌లో కస్టమర్ ‘విలువైనవాడు’. పదో ఫోన్‌కు ‘చాలా విలువైనవాడు’. ఆ విలువ ఎంతో నోటీసులోని అంకె చూస్తే తెలుస్తుంది. ఈ ఫోన్లలో ఎక్కువగా వాడే ఆయుధం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో దక్కే తగ్గింపు. ‘ఈ రాత్రి 12 దాటితే మీ బోనస్ పోతుంది సార్’ అని ఒకరు, ‘వేరే కంపెనీకి మారితే బోనస్ రాదు మేడమ్’ అని మరొకరు. రెండూ తప్పే. గడువు ముగిశాక 90 రోజుల్లోపు రెన్యూ చేసుకుంటే బోనస్ నిలుస్తుంది. పైగా అది కంపెనీది కాదు, కారుది కూడా కాదు, యజమానిది. కంపెనీ మారినా వెంట వస్తుంది. అలాగని గడువు దాటనివ్వడం తెలివైన పనేమీ కాదు. ఆ మధ్య రోజుల్లో కారుకు ఏమైనా దిక్కు ఉండదు, థర్డ్ పార్టీ బీమా కూడా లేకుండా తిరిగితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. భయపడాల్సిన కారణం ఉన్నప్పుడు కూడా తప్పుడు కారణం చెప్పి భయపెట్టడం ఈ వ్యాపారంలోని కళ.

నోటీసులో అందరినీ సంతోషపెట్టే వాక్యం ‘ఈ ఏడాది మీ ప్రీమియం పెరగలేదు’. దీన్ని కాస్త దగ్గరగా చూడాలి. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజ్ భాగానికి, అంటే సొంత కారు నష్టానికి, ధర నిర్ణయించుకునే స్వేచ్ఛ కంపెనీలకు ఉంది. థర్డ్ పార్టీ ధర మాత్రం ప్రభుత్వమే ప్రకటిస్తుంది. 2022 జూన్ నాటి పట్టికలో 1000 నుంచి 1500 సీసీ కారుకు అది ఏడాదికి 3,416 రూపాయలు, ఎవరి దగ్గర కొన్నా అంతే. కాబట్టి బేరమంతా ఓన్ డ్యామేజ్, యాడ్-ఆన్‌ల మీదే. ఉదాహరణకు 8 లక్షల ధర పలికిన కారుకు రెండో ఏడు 20 శాతం తరుగు పోగా 6,40,000 విలువ. దాని మీద 2.5 శాతం చొప్పున 16,000, అందులో 20 శాతం బోనస్ పోతే 12,800. మూడో ఏడు తరుగు 30 శాతానికి చేరి విలువ 5,60,000 అవుతుంది, బోనస్ 25 శాతానికి పెరుగుతుంది. అదే రేటుకైతే బిల్లు 10,500 రావాలి. నోటీసులో మళ్లీ 12,800 ఉంటే రేటు 2.5 నుంచి 3.05 శాతానికి ఎక్కిందని అర్థం. అంటే ‘పెరగలేదు’ అన్న మాటలో 22 శాతం పెంపు దాక్కుంది. జీఎస్టీ 18 శాతం దీనికి అదనం. పాతబడ్డ కారుకు, ఒక్క క్లెయిమూ చేయని మనిషికి ఇది కంపెనీ ఇచ్చే సన్మానం.

పోటీ కంపెనీలు చూపించే చౌక ధర కూడా పూర్తిగా నమ్మదగ్గది కాదు. కారు విలువను, అంటే ఐడీవీని, కుదించి చూపితే ఏ ప్రీమియమైనా చౌకగానే కనిపిస్తుంది. తేడా తెలిసేది కారు దొంగతనానికి గురైనప్పుడు. అందుకే ధరలు పోల్చేటప్పుడు ఐడీవీ ఒకటేనా, యాడ్-ఆన్‌లు అవేనా అన్నది ముందు చూడాలి. ఆర్‌ఎస్‌ఏ వాడుకున్నంత మాత్రాన మామూలుగా బోనస్ తగ్గదు. ఈ సంగతి తెలియక కొందరు డబ్బు కట్టిన సేవను వాడకుండా సొంత ఖర్చుతో మెకానిక్‌ను పిలిపించుకుంటారు. కంపెనీలకు ఇలాంటి కస్టమర్లంటే ప్రాణం.

ఈ విద్య మనవాళ్లు కనిపెట్టింది కాదు. బ్రిటన్‌లో పాత కస్టమర్‌కు ఏటా కొంచెం కొంచెం ధర పెంచుతూ, కొత్తవాడికి తక్కువకు ఇవ్వడం ఏళ్ల తరబడి నడిచింది. రెన్యూవల్ ధర కొత్త కస్టమర్ ధరను మించకూడదని అక్కడి నియంత్రణ సంస్థ 2022 జనవరి 1 నుంచి ఇంటి బీమాకు, మోటారు బీమాకు నిబంధన పెట్టింది. విడిగా కొనే బ్రేక్‌డౌన్ కవర్‌కు మాత్రం అది వర్తించలేదు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఆ కవర్ కోసం ఏటా ఫోన్ ఎత్తి బేరమాడక తప్పడం లేదు. చీరల కొట్లో నేర్చిన విద్య అక్కరకొచ్చిందని వాళ్లు సంతోషించొచ్చు.

బేరం విధానం ఇక్కడా అదే. కాల్‌సెంటర్‌కు ఫోన్ చేసి ధర తగ్గించమంటే ‘సిస్టమ్‌లో అంతే చూపిస్తోంది సార్’ అంటారు. వేరే కంపెనీ ధర అంకెతో సహా చెబితే ఫోన్‌లో సంగీతం మొదలవుతుంది. రెండు నిమిషాల తర్వాత ‘మేనేజర్‌తో మాట్లాడి మీ ఒక్కరి కోసం స్పెషల్ అప్రూవల్ తీసుకున్నాను’ అన్న శుభవార్త. అంత త్వరగా దొరికే మేనేజర్ క్లెయిమ్ సమయంలో ఎందుకు దొరకడో పరిశోధించదగ్గ విషయం. ఆ స్పెషల్ ధర ఎక్కడి నుంచో పుట్టుకొచ్చింది కాదు, అడగనివాడి బిల్లులో మిగిలింది.

ఏటా గడువుకు నెల ముందు చూడాల్సినవి కొన్నే: తయారీ కంపెనీ ఉచిత సేవ ఇంకా నడుస్తోందా, పాలసీలో అదే సేవ మళ్లీ ఉందా, టోయింగ్ హద్దు తిరిగే దారులకు సరిపోతుందా, ఐడీవీ సరిగ్గా ఉందా, ఆటో-డెబిట్ అనుమతి ఎక్కడైనా ఇచ్చి మరచిపోయారా. అడగని యాడ్-ఆన్ తగిలించినా, బోనస్ విషయంలో అబద్ధం చెప్పినా ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. స్పందన లేకపోతే బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కు ఫోన్ చేసి గానీ ఐఆర్‌డీఏఐకి చెప్పుకోవచ్చు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, హైదరాబాద్‌లోనే ఉంది.